రైలుబండిని పరీక్షించేదెవరు?

పిల్లలూ! కాజీపేట జంక్షను పేరు మీరు వినే ఉంటారు. వరంగల్లు పక్కనే ఉన్న ఈ స్టేషనులో మూడు దారులు కలుస్తాయి. ఒకటి సికింద్రాబాదుకు పోతుంది. ఒకటి వరంగల్లు, విజయవాడల మీదుగా చెన్నపట్నానికి పోతుంది. మూడవది బల్హర్షా మీదుగా ఢిల్లీకి పోతుంది. రాత్రనక పగలనక ఎన్నో బండ్లు ఈ స్టేషను దాటుతూ ఉంటాయి.

బండి వచ్చి ఆగుతుంది. దిగేవారు దిగుతారు, ఎక్కేవారు ఎక్కుతారు. కిటికీ పక్క చోటుకోసం పిల్లలు పోట్లాడుకుంటారు. అంతేగాని, ఎక్కబోయే ముందు వంగి చక్రాలు చూసేవారు గాని, బ్రేకులు సరిగా పడుతున్నవా అని అడిగేవారు గాని ఒక్కరూ ఉండరు. ముందున్న వంతెన గట్టిదేనా అన్న సందేహం ఎవరికీ రాదు. ఎవరో చూసే ఉంటారులే అని నమ్మి, అందరూ నిశ్చింతగా నిద్రపోతారు.

ఆ "ఎవరో" ఎవరు? రైళ్ళు నడిపేవారే తమ రైళ్ళను పరీక్షించుకుంటే చాలునా? లేక ఆ పని చెయ్యటానికి వేరే మనిషి ఉండాలా? ఈ ప్రశ్న పుట్టి నూట ఎనభై ఏళ్ళు దాటింది. మన దేశంలో దీనికి సగం జవాబే దొరికింది. ఆ కథ ఇది.

ముందు ఒకసారి కిరాణా దుకాణానికి పోదాము. దుకాణంలో తక్కెడ, ఇనుప తూకపురాళ్ళు ఉంటే, ఒక కిలో రాయిని అడిగి తీసుకుని తిరగవేసి చూడండి. అందులో సీసం పోసి, దానిమీద ఒక ముద్ర కొట్టి ఉంటుంది. ఈ రోజులలో చాలా దుకాణాలకు ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. వాటికీ ముద్ర వేయించాలి. ఆ ముద్ర దుకాణదారు వేసుకున్నది కాదు. తూనికలు, కొలతల శాఖ ఇనస్పెక్టరు పరీక్షించి వేసినది.

దుకాణదారు మంచివాడే కావచ్చు. అయినా తన రాయికి తాను ముద్ర వేసుకోరాదు. అతనిమీద అనుమానం కొద్దీ పెట్టిన నియమం కాదిది. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు చూడండి, ఎవరి పని వారికి బాగానే కనిపిస్తుంది. అందుకని వేరేవాడు చూడాలి.

ఇంకొక సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. తప్పుడు రాయి దొరికితే ఆ ఇనస్పెక్టరు, "అయ్యా, ఈ రాయి మారిస్తే బాగుంటుంది," అని సలహా చెప్పి ఊరుకోడు. రాయిని అక్కడికక్కడే పట్టుకుపోగలడు. చూసే కన్నూ ఉంది, ఆపే చెయ్యీ ఉంది. ఈ రెండూ కలిస్తేనే తనిఖీ అవుతుంది.

ఇక రైళ్ళ సంగతికి వద్దాము.

1830 సెప్టెంబరు 15న ఇంగ్లండులో లివర్‌పూల్, మాంచెస్టరు నగరాల మధ్య రైలుమార్గం ప్రారంభించారు. ఆ వేడుకనాడే హస్కిసన్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టాల దగ్గర ఉండగా ఇంజను క్రింద పడి మరణించాడు. ఆ తరువాత పదేళ్ళలో ఎన్నో కంపెనీలు రైళ్ళు వేశాయి. ఎవరి పద్ధతి వారిదే. అప్పుడు, 1840లో, ఇంగ్లండు ప్రభుత్వం ఒక చట్టం చేసి రైల్వే ఇనస్పెక్టర్లను నియమించింది. ఆ చట్టంలో ఒక చక్కని షరతు ఉన్నది. అంతకుముందు ఏడాదిలోపల ఏదైనా రైలు కంపెనీలో ఉద్యోగం చేసినవాడు ఇనస్పెక్టరు కాకూడదు. అందుచేత సైన్యంలోని ఇంజనీర్లను ఆ పనికి తీసుకున్నారు.

వారికి చూసే కన్ను దొరికింది గాని, ఆపే చెయ్యి పూర్తిగా దొరకలేదు. ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళి, కారణం కనిపెట్టి, ఏమి చెయ్యాలో వ్రాసేవారు. ఒక బండి ముందు స్టేషను చేరేదాకా రెండవ బండిని వెనక విడవవద్దన్నారు. బండిలోని అన్ని పెట్టెలకూ బ్రేకులు ఉండాలనీ, బ్రేకు గొట్టం ఎక్కడ ఊడినా అవి తమంతట తామే పడాలనీ అన్నారు. ఏళ్ళతరబడి ఇదే మాట చెప్పారు. విన్న కంపెనీలు విన్నాయి. తక్కినవి ఖర్చు ఎక్కువని వాయిదా వేస్తూ పోయాయి.

1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా పట్టణంనుంచి ఒక విహారపు రైలు బయలుదేరింది. నిండా పిల్లలు, వారి తల్లిదండ్రులు. సముద్రపు ఒడ్డుకు పోతున్నారు. దారిలో ఒక ఎత్తు ఎక్కలేక బండి ఆగిపోయింది. కొన్ని పెట్టెలను ముందు తీసుకుపోయి, మళ్ళీ వచ్చి మిగతావి తీసుకుపోదామని సిబ్బంది బండిని రెండుగా విడగొట్టారు. గొట్టం విప్పగానే వెనక పెట్టెల బ్రేకులు వదులైపోయాయి. చక్రాల క్రింద పెట్టిన రాళ్ళు ఆగలేదు. పెట్టెలు పల్లానికి జారుతూ పోయి, వెనకనే వస్తున్న మరొక బండిని గుద్దుకున్నాయి. 80 మంది మరణించారు. వారిలో చాలామంది పిల్లలు.

ఆ ఏడాదే పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఇనస్పెక్టర్లు అంతకాలం సలహాగా చెప్పినవి అప్పుడు ఆజ్ఞలు అయ్యాయి. మంచి సలహా ఎప్పటినుంచో కాగితంమీద ఉన్నది. దాన్ని జరిపించే అధికారం మాత్రం 80 ప్రాణాలు పోయాక వచ్చింది.

మన వరంగల్లుకు రైలు వచ్చినదీ ఆ రోజులలోనే. నిజాము రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో బండి నడిచింది. ఆ మార్గాన్ని వరంగల్లు మీదుగా పొడిగించగా, 1889లో బెజవాడ చేరింది. కాజీపేట, బల్హర్షా మార్గం 1929లో పూర్తి అయింది.

మన దేశంలో కూడా మొదట కంపెనీలే రైళ్ళు వేశాయి. వారి పని చూడటానికి ప్రభుత్వం ఇంజనీర్లను పెట్టింది. తరువాత వారిని గవర్నమెంటు ఇనస్పెక్టర్లన్నారు. 1883లో ఆ పదవికి చట్టంలో చోటు దొరికింది. 1905లో రైల్వేబోర్డు ఏర్పడింది. ఇనస్పెక్టర్లను కూడా తెచ్చి ఆ బోర్డు క్రిందనే పెట్టారు. అంటే దుకాణదారు చేతికే ముద్ర ఇచ్చినట్టయింది!

ఇది సరికాదని చాలామందికి తోచింది. రైళ్ళు నడిపేవారు వేరుగా, భద్రత చూసేవారు వేరుగా ఉండాలనే ఆలోచన 1935 భారత ప్రభుత్వ చట్టంలోనే ఉన్నది. 1937 జూలైలో బీహారులో పాట్నా దగ్గర బిహ్తా వద్ద ఘోరమైన రైలు ప్రమాదం జరిగి 100 మందికి పైగా మరణించారు. ఆ తరువాత, అటువంటి ఇంజన్ల సంగతి విచారించటానికి ఒక సంఘాన్ని వేశారు. ఇంగ్లండులో రైల్వే ఇనస్పెక్టర్లకు పెద్ద అయిన కర్నల్ మౌంట్ దానికి అధ్యక్షుడు. ఇనస్పెక్టర్లను బోర్డునుంచి విడదీయటం మంచిదని ఆ సంఘం కూడా అభిప్రాయపడింది. చివరికి 1941 మేలో విడదీశారు.

విడదీసి ఎవరి క్రింద పెట్టాలి? రైల్వేశాఖ క్రింద తప్ప ఎక్కడైనా సరే! అప్పట్లో తపాలానూ విమానాలనూ చూసే శాఖ ఒకటి ఉండేది. దాని క్రింద పెట్టారు. అందుచేతనే, రైళ్ళను పరీక్షించే కార్యాలయం ఈనాటికీ విమానయాన శాఖ క్రింద ఉన్నది. ఈ సంగతి మీ స్నేహితులకు చెప్పి చూడండి, నమ్మరు!

1961లో దానికి రైల్వే భద్రతా కమిషన్ అని పేరు పెట్టారు. ప్రధాన కమిషనరు లక్నోలో ఉంటారు. దక్షిణ మధ్య రైల్వేను చూసే కమిషనరు కార్యాలయం సికింద్రాబాదులో ఉన్నది.

కమిషనరు చేసే ముఖ్యమైన పనులు రెండు. మొదటిది, కొత్త మార్గాన్ని పరీక్షించటం. కాజీపేటనుంచి బల్హర్షాకు, విజయవాడకు మూడవ లైను పని ముక్కలు ముక్కలుగా సాగుతూ వచ్చింది కదా? ఒక ముక్క పూర్తికాగానే కమిషనరు మోటారు ట్రాలీలో వస్తారు. వంతెనలు, మలుపులు, గేట్లు, సిగ్నళ్ళు చూస్తారు. ఆ తరువాత ఒక బండిని వేగంగా నడిపించి చూస్తారు. ఆయన తృప్తిపడి సరే అన్నాకనే ప్రయాణీకుల బండి ఆ పట్టాలమీదికి వస్తుంది.

రెండవది, పెద్ద ప్రమాదం జరిగినప్పుడు విచారణ చెయ్యటం. ఏ రోజున, ఎక్కడ విచారణ జరిగేదీ పత్రికలలో ప్రకటిస్తారు. డ్రైవరు, గార్డు, స్టేషనుమాస్టరే కాదు, కంటితో చూసిన మామూలు మనిషి కూడా వచ్చి చెప్పవచ్చు, లేదా వ్రాసి పంపవచ్చు.

మన ప్రాంతానికి ఇటువంటి విచారణల అవసరం చాలాసార్లు కలిగింది. 1954 సెప్టెంబరు చివర జనగామ దగ్గర యశ్వంతాపూర్ వాగు పొంగి వంతెన కొట్టుకుపోయింది. బండి వాగులో పడి 100 మందికి పైగా చనిపోయారు. 1956 సెప్టెంబరు 2న మహబూబ్‌నగరు దగ్గర కూడా అలాగే వంతెన కూలి 100 మందికి పైగా పోయారు. అప్పటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇస్తానన్నారు. ప్రధాని నెహ్రూగారు ఒప్పుకోలేదు. నవంబరులో అరవదేశంలోని అరియలూరు వద్ద మరొక ప్రమాదం జరిగింది. ఈసారి శాస్త్రిగారు పదవి విడిచే పెట్టారు.

శాస్త్రిగారి గొప్పగుణాన్ని దేశమంతా మెచ్చుకున్నది. మెచ్చుకోవలసిందే. అయితే ఆలోచించండి. మంత్రి పదవి విడిచినంతమాత్రాన వాగుమీది వంతెన గట్టిపడదు. ఆ వంతెన ఎందుకు కూలింది, అటువంటివి ఇంకా ఎన్ని ఉన్నవి అని నిదానంగా లెక్క తీసేవాడు కావాలి. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర మళ్ళీ ఒక చిన్న వంతెన వరదలో కొట్టుకుపోయింది. డెల్టా ప్యాసింజరు ఆ గండిలో పడి 100 మందికి పైగా మరణించారు. జనగామ ప్రమాదం జరిగి అప్పటికి 51 ఏళ్ళు.

కారణం ప్రతిసారీ వరదే కాదు. 2003 జూలై 2న వరంగల్లులో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఇంజనూ రెండు పెట్టెలూ వంతెనమీదినుంచి క్రింది రోడ్డుమీద పడ్డాయి. 2008 జూలై 31 అర్ధరాత్రి దాటాక కేసముద్రం దగ్గర గౌతమి ఎక్స్‌ప్రెస్ పెట్టెలు మంటలలో కాలిపోయాయి. ప్రతి ప్రమాదానికీ కారణం వేరు. దాన్ని నిజాయితీగా వెతకవలసిన అవసరం మాత్రం ఒక్కటే.

ఇప్పుడు సగం జవాబు అని ఎందుకన్నామో చెబుతాము. కమిషనరుకు చూసే కన్ను ఉన్నది. కాని ఒక పాత మార్గం ప్రమాదకరంగా ఉన్నదని తోస్తే, దానిని మూసివెయ్యమని తనంత తాను ఆజ్ఞ ఇవ్వలేరు. కేంద్రప్రభుత్వానికి నివేదిక పంపాలి. విచారణ చేసి ఇలా చెయ్యండి అని వ్రాస్తే, అది సిఫారసు అవుతుంది. ఒప్పుకోవటం, మానటం రైల్వేబోర్డు వంతు. పైగా కమిషనర్లు కూడా రైల్వే ఉద్యోగులలోనుంచి వచ్చినవారే. పట్టాలు, పెట్టెలు ఎలా ఉండాలో కొలతలు నిర్ణయించే పరిశోధన సంస్థ లక్నోలోనే ఉన్నది గాని, అది రైల్వేబోర్డు క్రిందిది. నియమం వ్రాసేదీ, బండి నడిపేదీ, చాలావరకు తనిఖీ చేసేదీ ఒకే ఇంటివారన్నమాట.

2011లో ప్రభుత్వం అణుశాస్త్రజ్ఞుడు అనిల్ కకోద్కర్ గారి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం 2012 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. భద్రతను చూడటానికి ఒక స్వతంత్రమైన సంస్థ ఉండాలనీ, అది రైల్వేబోర్డుకు లోబడకుండా చట్టం ద్వారా ఏర్పడాలనీ, దాని మాటకు అధికారం ఉండాలనీ సిఫారసు చేసింది. అటువంటి సంస్థ ఇంతవరకూ ఏర్పడలేదు.

అదే నివేదికలో, రోడ్లూ పట్టాలూ కలిసే గేట్లన్నిటినీ ఐదేళ్ళలో తీసివేసి వంతెనలు కట్టాలని కూడా ఉన్నది. పని మొదలయింది గాని, మెల్లగా సాగింది. 2014 జూలై 24 ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర ఒక బడిబస్సును ప్యాసింజరు బండి గుద్దింది. మీ వంటి పిల్లలు పదిమందికి పైగా ఇంటికి తిరిగి రాలేదు. పెద్ద లైన్లమీద కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి నాటికి తీసివేశారు. ఆర్మా కథ చదివారు కదా? అక్కడా ఇక్కడా సలహా ముందే ఉన్నది. పని ఆలస్యమయింది.

మరొకటి కూడా చూడండి. 2022 మే 16న ఖరగ్‌పూర్ డివిజనులో బాంక్రానయాబాజ్ అనే చోట సిగ్నలు తీగలు తప్పుగా కలపటంవల్ల ఒక పొరపాటు జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏడాది తరువాత, 2023 జూన్ 2న, ఒడిశాలో బహనాగా వద్ద సిగ్నలు తీగల తప్పువల్లనే బండ్లు గుద్దుకుని 290 మందికి పైగా మరణించారు. మొదటి పొరపాటునుంచి పాఠం నేర్చుకుని ఉంటే రెండవది జరిగేది కాదని భద్రతా కమిషనరు తన నివేదికలో వ్రాశారు.

మరి స్వతంత్ర సంస్థను వెంటనే ఎందుకు పెట్టరు? ఈ వైపున కూడా ఆలోచించదగిన మాటలున్నవి. రైళ్ళ సంగతి బాగా తెలిసినవారు రైల్వేలోనే ఉంటారు, బయటివారికి ఏమి తెలుస్తుంది అనవచ్చు. బండి నడపమని ఒకరు, ఆపమని ఒకరు అంటే పని సాగేదెట్లా అనవచ్చు. భద్రత చూడటానికి వేరే సంస్థ ఉన్నదిగదా అని నడిపేవారు తమ బాధ్యత మరచిపోతారేమో అని భయపడవచ్చు. ఇవి తేలిక మాటలు కావు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. అన్నిటికీ ఒక్కటే సంస్థ అనుకుందాము. ఆ సంస్థే నియమాలు జరిపించి, ఆ సంస్థే ప్రమాదం విచారిస్తే, దాని తనిఖీలోనే లోపం ఉన్నప్పుడు ఎవరు చెబుతారు? ఇంగ్లండువారు ఈ సంగతి గుర్తించారు. 1999లో లండనులో లాడ్‌బ్రోక్ గ్రోవ్ వద్ద రెండు బండ్లు గుద్దుకుని 31 మంది చనిపోయారు. ఆ విచారణ తరువాత, ప్రమాదాల కారణాలు వెతకటానికి వేరే సంస్థను పెట్టారు. అది 2005లో పని ప్రారంభించింది. నియమాలు జరిపించే సంస్థ వేరు. రెండూ రైళ్ళు నడిపేవారికి లోబడినవి కావు.

అందుచేత సంస్థ ఒక్కటా, రెండా అనే సంగతి పెద్దలు చర్చించి తేల్చుకోవచ్చు. కాని ఒక్క సూత్రం మటుకు మారదు. రాయికి ముద్ర వేసేవాడు దుకాణదారుకు జీతగాడు కాకూడదు. తప్పుడు రాయి కనిపిస్తే పట్టుకుపోయే అధికారం అతనికి ఉండాలి.

అంతదాకా రైలును కాపాడుతున్నదెవరు? ఎండలో వానలో పట్టాలవెంట నడిచి చూసే ట్రాక్‌మ్యాన్లు, సిగ్నలు చూసే స్టేషనుమాస్టర్లు, రాత్రంతా కన్నార్పని డ్రైవర్లు. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య పట్టాల క్రింది కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వ్రేలాడాయి. జనగామలోను, వలిగొండలోను వచ్చినటువంటి ఆపదే అది. కాని ఈసారి బండ్లను ఆపివేశారు. ప్రయాణీకులు స్టేషన్లలో ఇబ్బంది పడ్డారు గాని, ఏ బండీ ఆ గండిలో పడలేదు. కొద్ది రోజులలో మార్గం బాగుచేశారు.

ఈసారి మీరు రైలులో పోతున్నప్పుడు, పక్కనున్న వంతెన స్తంభంమీద ఎర్రటి పట్టీ ఒకటి కనిపిస్తుందేమో చూడండి. నీరు అక్కడిదాకా వస్తే ప్రమాదమని దాని అర్థం. దాన్ని ఎవరో కొలిచి, గీసి పెట్టారు. వానాకాలంలో ఎవరో కాపలా ఉండి చూస్తారు. ఇక, నీరు ఆ పట్టీ దాటినప్పుడు బండిని ఆపమన్న మాటకు ఎదురులేకుండా ఉండాలంటే ఏమి చెయ్యాలో మీ నాన్నగారిని, అమ్మగారిని అడగండి. వారికీ ఇది ఆలోచించవలసిన సంగతే.